ఉదయ్ నోటికి మొక్కిన పుంజు

కొర్రా ఉదయ్ నోరు ఎలాంటిదో కరకపుట్టులోనే కాదు, హుకుంపేట సంతకు వచ్చే పది ఊళ్ళవాళ్ళకూ తెలుసు. పాడేరులో ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంటికొచ్చినవాడికి ఊరంతా కలిసి ప్లీడరు అని పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఎదుటివాడు ఏదంటే దానికి అడ్డం పడకపోతే వాడికి ముద్ద దిగేది కాదు. ఇవాళ చలి ఎక్కువగా ఉందని ఎవరైనా అంటే, నిన్నటికంటే తక్కువేనని అనేవాడు. సరే తక్కువేనని ఒప్పుకుంటే, మరి మంట ఎందుకేశావని అడిగేవాడు. తండ్రి సోంబరుతో కాఫీ తోటలో ఏ చెట్టు కొమ్మ నరకాలన్న దగ్గర మొదలైన వాదం పొద్దు గూకేదాకా సాగేది. చివరికి కొమ్మ కొమ్మలాగే ఉండేది, తండ్రీకొడుకులు చెరో దారిన ఇంటికొచ్చేవాళ్ళు.

తల్లి కనకది వేరే తీరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పనికి ముందు, మాటకు వెనక. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక మిగిలినవాడు కాబట్టి కొడుకు నోటిని చాలాకాలం ముద్దుగానే భరించింది. చారులో ఉప్పు ఎక్కువైందని వాడు గొడవపడితే మర్నాడు తగ్గించేది, తగ్గించిందని మళ్ళీ గొడవపడేవాడు. పక్కింటి నీలవేణి గోడవతల నుంచి నవ్వుతూ, ఈ పూట కేసు ఎవరు గెలిచారని అడిగేది.

ఆ ముద్దు కాస్తా వాడి పెళ్ళప్పుడు తీరిపోయింది. అరకు దగ్గర ఊరి అమ్మాయి రాజకుమారిని ఉదయ్ ఇష్టపడి, ఇద్దరూ చెప్పకుండా వచ్చేశారు. కొండమీద అదేమీ వింత కాదు. అలా వచ్చేశాక పిల్లవైపు పెద్దలు వస్తారు, కాసేపు కోపం చూపిస్తారు, వీళ్ళు తగ్గి మాట్లాడతారు, అందరూ కలిసి భోంచేస్తారు. ఒక్కటే కట్టుబాటు. పిల్లను తీసుకొచ్చినవాడు ఆ పూటంతా తల వంచుకుని కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఉదయ్ గంటసేపు ఎలాగో బిగబట్టుకున్నాడు. మామ తమ పిల్లను ఎత్తుకుపోయారని అన్నాడో లేదో, ఎవరు ఎవరిని ఎత్తుకొచ్చారో మీ పిల్లనే అడగండి, బస్సు టికెట్ తీసింది తనే, అని లేచాడు. పిల్లవైపువాళ్ళు వండిన అన్నం ముట్టకుండా వెళ్ళిపోయారు. తర్వాత కనక మూడుసార్లు ఆ ఊరు వెళ్ళి వియ్యపురాలి కాళ్ళు పట్టుకుంటే గానీ రాకపోకలు కుదరలేదు.

ఆ ఏడాది చైత్రంలో, మగవాళ్ళు వేటకు వెళ్ళే ఇటుకల పండగనాడు కనక ఊరి చివర శంకుదేవుడి రాళ్ళ దగ్గరికి వెళ్ళి మొక్కుకుంది. పూజలు చేసే దిశారి బుద్రు తాత పక్కనే ఉన్నాడు, సోంబరూ ఉన్నాడు. ఆమె అన్న మాట ఇద్దరూ విన్నారు. "సామీ, నా గుంటడి నోరు మెత్తబెట్టు. ఎర్రపుంజుని ఇచ్చుకుంటాను." అంతే అంది. ఇంటికొచ్చి గంప కింది కోడిపిల్లల్లో ఎర్రగా ఉన్నదాన్ని చూసి పక్కన పెట్టింది. ఆ పిల్ల మీద ఉదయ్‌ కన్నూ పడింది. వాడు దానికి చోళ్ళు, అదే రాగులు, మేపి, చేతిమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. అది దేవుడిదని తల్లి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఎందుకు మొక్కావని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి?

మరుసటి మాఘంలో వాడు పడిపోయాడు. కాఫీకి నీడగా పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. వాటిని కోయడానికి కొండమీద వాడేది ఒంటి వెదురు. కణుపుల దగ్గర పిలకలను జానెడేసి వదిలి కోస్తే అవే మెట్లు. ఆ రోజు సోంబరు కింద వెదురు మొదలు పట్టుకునే ఉన్నాడు. ఉదయ్ పైనుంచి వాదిస్తూనే ఉన్నాడు, ఈ తీగను కుడిపక్కకు కట్టాల్సింది, ఎడమకు కట్టావు, అందుకే కాపు తగ్గిందని. ఆ మాట సగంలో ఉండగా కాలికింద పిలక విరిగింది. పడ్డచోట రాయి ఉంది. డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకెళ్ళారు, అక్కడినుంచి అంబులెన్సు.

విశాఖలో ముప్పైతొమ్మిది రోజులు. తల తెరిచి రక్తం తీశారు. కనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, వాడు కళ్ళు తెరిచి మొదటగా ఏమంటాడా అని ఎదురుచూసింది. ఇక్కడెందుకు పడుకోబెట్టారని గొడవ చేస్తాడనుకుంది. ఆ గొడవకు తను ఏం సమాధానం చెప్పాలో కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. ఇరవై రెండో రోజున నర్సు వచ్చి నీళ్ళు తాగుతావా బాబూ అని అడిగితే వాడు సరే అన్నాడు. ఆ మాటకు కనక వరండాలో నలుగురూ చూస్తుండగా ఏడ్చింది. అప్పుడది సంతోషం.

డాక్టరమ్మ మంచి మనిషి, దగ్గర కూర్చుని విడమరిచి చెప్పింది. దెబ్బ మెదడు ముందు భాగానికి తగిలింది. నడుస్తాడు, మాట్లాడతాడు, మనుషుల్ని గుర్తుపడతాడు. కుడిచెయ్యి కాస్త బలహీనంగా ఉంటుంది. కానీ ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టడు, చెబితే చేస్తాడు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రెండేళ్ళు చూడాలి. సోంబరు అన్నిటికీ తల ఊపాడు. కొడుకు బతికాడు, అది చాలు ఆయనకు.

డాక్టరమ్మ మాటకు అర్థం ఏమిటో ఇంటికొచ్చాకే తెలిసింది. లెమ్మంటే లేచేవాడు. తినమంటే తినేవాడు. చాలు అనకపోతే కుండలో ఉన్నంతా తినేవాడు, పెట్టకపోతే ఆకలని అడిగేవాడు కాదు. ఒకరోజు సోంబరు కళ్ళంలో చోళ్ళు ఆరబోసి, కోళ్ళు రాకుండా ఇక్కడ కూర్చోమని చెప్పి గెడ్డ వాగు దాటి అవతలికి వెళ్ళాడు. మధ్యాహ్నం వాన వచ్చింది. నీలవేణి పరుగెత్తుకొచ్చి చోళ్ళు ఎత్తింది గానీ ఉదయ్‌ని లెమ్మనడం ఆమెకు తట్టలేదు, వానకు ఎవరైనా లేస్తారు కదా. సాయంత్రం కనక తోటనుంచి వచ్చేసరికి వాడు ఖాళీ కళ్ళంలో ముద్దగా తడిసి, కోళ్ళు రాకుండా చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ కనక మీద పడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక అంత మాట్లాడి ఉండదు. "లెగు నాయనా. మొకం కడుక్కో. గొంగడి కప్పుకో. సాలు, సెయ్యి కడుక్కో." ఒక పూట మరిచిపోతే ఆ పూట జరగాల్సింది జరగదు. కోడలు రాజకుమారి కూలికి వెళ్ళినప్పుడు కనక, కనక సంతకు వెళ్ళినప్పుడు రాజకుమారి, ఇద్దరిలో ఎవరో ఒకరు వాడి పక్కన ఉండాల్సిందే. సంతలో కాయగూరలు బేరం చేస్తూ కూడా, ఇంటిదగ్గర వాడికి నీళ్ళు తాగమని చెప్పారో లేదోనని కనక మనసు కొట్టుకునేది.

ఊరు మాత్రం మెచ్చుకుంది. ఇదే కనకకు మింగుడుపడని సంగతి. ఎదురొచ్చినవాళ్ళంతా, మీ గుంటడు ఎంత బుద్ధిమంతుడయ్యాడో అనేవాళ్ళు. పెద్దల మాటకు ఎదురు చెప్పడు, తాగడు, తిరగడు, చెప్పిన పని చేస్తాడు. ఒకప్పుడు అన్నం ముట్టకుండా వెళ్ళిన వియ్యపురాలు కూడా వచ్చి చూసి, ఇప్పుడు దారిలో పడ్డాడు అల్లుడు, అంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఓదార్పు కోసమే అన్నారు. కనక అందరికీ తల ఊపి ఇంట్లోకి వెళ్ళి కట్టెలు అవసరం లేకపోయినా విరిచేది.

ఆమెకు కావలసింది ఒకటే. కొడుకు తనతో ఒక్కసారి పోట్లాడాలి. రోజూ అక్కర్లేదు, ఒక్కసారి. వాడు లోపల ఎక్కడో ఉన్నాడని తెలిస్తే చాలు. అందుకోసం ఆ మహాతల్లి చెయ్యని పని లేదు. వాడికి ఇష్టమైన నీలంరంగు చొక్కా తీసి నీలవేణి కొడుక్కి తొడిగి వాడి ముందు తిప్పింది. వాడు చూశాడు. చొక్కా బావుందా అని అడిగితే బావుందన్నాడు. మరోరోజు, మిరియాల తీగ ఎడమకు కట్టడమే మంచిదటరా, మీ నాయన చెప్పాడు, అంది. అది వాడు పడేముందు సగంలో వదిలిన వాదం. కనక వాడి నోటివైపే చూసింది. "సరే అమ్మా," అన్నాడు వాడు.

ఈ పని తనొక్కతే చేస్తోందనుకుంది. వాడు పడి ఏడాది తిరిగాక ఒకరోజు పొయ్యిమీది అంబలి నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు. కోడల్ని పిలిచి అడిగితే రాజకుమారి తల వంచుకుంది. నాలుగు రోజులుగా మొగుడి గిన్నెలో ఉప్పు వేయడం లేదట. మొదటి రోజు కాకపోతే రెండోరోజైనా గిన్నె తోసేస్తాడని చూసిందట. ఇవాళ పొరపాటున కుండ మొత్తానికే మానేసింది.

"నాలుగు రోజులూ తినీసినాడత్తా," అంది. "పెళ్ళికి ముందు నన్ను నవ్వించేవోడని కాదు, నాతో తగువాడేవోడనే ఇట్టపడినాను."

కనక కోడల్ని తిట్టలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని చాలాసేపు వీపు నిమిరింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. వెళ్ళిపోతానంటే కొండమీద ఎవరూ తప్పుపట్టరు, పుట్టింటివాళ్ళు రెండుసార్లు అడిగారు కూడా. ఎందుకు ఉందో ఆ పూట కనకకు తెలిసింది. తనలాగే కోడలు కూడా ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉంది.

అలా ఉండగా మళ్ళీ చైత్రం వచ్చింది. బుద్రు తాత ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుని, అమ్మా, మొక్కు తీరిపోయింది కదా, పుంజుని ఎప్పుడిస్తావని అడిగాడు. కనకకు మొదట అర్థం కాలేదు. తాత నెమ్మదిగా చెప్పాడు. నువ్వు నోరు మెత్తబెట్టమన్నావు, దేవుడు మెత్తబెట్టాడు. ఆయన ఇచ్చాక మనం ఇవ్వకపోతే బాకీ పడ్డట్టు. పోయిన పండగకు వాడు ఆసుపత్రిలో ఉన్నాడని ఊరుకున్నాను, ఈసారి దాటకూడదు.

సోంబరుకు ఈ మాట గుండెల్లో పడింది. ఆయన మొక్కులంటే భయపడే మనిషి. బాకీ కోసం దేవుడే చెయ్యి చాపితే ఏం తీసుకుంటాడు, మిగిలినది ఇంతే కదా, దీన్నీ పోగొట్టుకుందామా అని కనక వెంటపడ్డాడు. వారం రోజులు ఇంట్లో అదే మాట. కనక బాధ వేరు. పుంజుని ఇవ్వడం పెద్ద పని కాదు. కానీ ఇచ్చేటప్పుడు మొక్కినవాళ్ళు తమ నోటితో మూడు మాటలు అనాలి. అడిగినాను, ఇచ్చినావు, తీసుకో. ఆ మాటలంటే, నా కొడుకు ఇలా కావాలనే నేను అడిగానని ఊరి ముందు చెప్పినట్టే కదా. అనకపోతే వాడికి ఏమవుతుందో. రెండు వైపులా కొడుకే ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆమెను లోపల తినేస్తున్నది ఇంకొకటి. నిజంగానే తను అడిగిందే దేవుడు ఇచ్చాడేమో.

పండగ మూడోరోజు పొద్దున మగవాళ్ళు వేటకు వెళ్ళకముందే నలుగురూ శంకుదేవుడి దగ్గరికి బయలుదేరారు. సోంబరు ముందు నడిచాడు. ఉదయ్‌ని పుంజు పట్టుకోమంటే పట్టుకున్నాడు. అది రెండేళ్ళకు బాగా ఎదిగింది, ఎరుపులో నలుపు తోక, గోళ్ళు వాడి ముంజేతిమీద గీరుతుంటే కూడా వాడు సడలించలేదు. వెనక కనక, రాజకుమారి. రాళ్ళ దగ్గర ఇరవైమంది దాకా ఉన్నారు. బుద్రు తాత నేలమీద పిడికెడు బియ్యం పోశాడు. పుంజు ఆ గింజలు పొడిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. అంతకుముందే ఆ మూడు మాటలు.

"అనమ్మా," అన్నాడు తాత.

"అడిగినాను," అంది కనక. అది నిజమే కాబట్టి వచ్చింది. రెండోమాట రాలేదు. తాత ఆగాడు. సోంబరు దగ్గాడు. పక్కనున్న ముసలమ్మలు గొంతు తగ్గించి, ఇచ్చినావు, ఇచ్చినావు అని అందించారు. కనక కొడుకు వైపు చూసింది. వాడు పుంజుని పట్టుకుని, ఎవరు ఏం చెబుతారా అని కూడా చూడకుండా నిలబడి ఉన్నాడు. ఇంతమంది మధ్య, తన విషయమే మాట్లాడుతుంటే, ఉదయ్ అనేవాడు నోరెత్తకుండా ఉన్నాడు. కనక కోడలి వైపు తిరిగింది.

"ఆడే ఉండుంటే ఇప్పుడేటనేవోడే?"

రాజకుమారి ఒక్క క్షణం ఆలోచించలేదు. చాలా రోజులుగా నోట్లో పెట్టుకుని ఉన్నట్టు, నడుంమీద చెయ్యి వేసి, మెడ కాస్త పక్కకు వంచి, వాడు సంతలో నిలబడే తీరులోనే నిలబడి అంది.

"నా నోరు మూయించమని నువ్వు మొక్కుకుంటే నా కోడిని ఇచ్చీడమేటి? చోళ్ళు పెట్టి పెంచింది నాను. మొక్కుకుంది నువ్వు కదా, నీదేదైనా ఇచ్చుకో. ఏం తాతా, నాయమేనా?"

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, ముసలమ్మలు కూడా. అచ్చంగా అదే అనేవాడు మరి. బుద్రు తాత కూడా అలవాటు కొద్దీ సమాధానం చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తెలియక ఆగిపోయాడు. నవ్వు ఒక్కసారిగా పోయింది. నీలవేణి కొంగు నోట్లో పెట్టుకుంది. ఊరు ఊరంతటికీ ఏడాదికి పైగా ఏం పోయిందో ఆ పూటే తెలిసినట్టుంది.

సోంబరు ముందుకు వచ్చాడు. జీవితంలో ఒక్క వాదంలోనూ కొడుకు మాట ఒప్పుకోని మనిషి. నేలమీది బియ్యం రెండు చేతులతో ఎత్తి తాత కండువాలో పోశాడు. భయం ఇంకా పోలేదు.

"మావోడు ఒప్పుకోనేదు తాతా," అన్నాడు. "ఆడన్నది నాయమే. కోడి ఆడిది. దేవుడికి కోపమొత్తే నా మీద పడమను."

బుద్రు తాత కండువా మూట కట్టుకుని, సరే, వాడే వచ్చి ఇస్తానన్నప్పుడు చూద్దామన్నాడు. మనుషులు ఒక్కొక్కరే కదిలారు. ఎవరూ కనకతో బుద్ధిమంతుడి మాట ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

ఇంటిదారిలో సోంబరు ముందు వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం ఇద్దరాడవాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఉదయ్ పుంజుని పట్టుకునే నడుస్తున్నాడు, వదలమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. కనక చెవుల్లో ఆ మాటలు ఇంకా ఉన్నాయి. కోడలి గొంతులో విన్నవే అయినా, ఏడాదిలో మొదటిసారి కొడుకు ఇంటికొచ్చినట్టు అనిపించింది. ఇంకా వినాలనిపించింది. ఇంకోపాలి అనవే అని కోడల్ని అడిగింది. రాజకుమారి అనబోయి, తల అడ్డంగా ఊపింది.

అప్పుడు కనక చెయ్యకూడని పని చేసింది. కొడుకు ముందుకు వచ్చి నిలబడి, వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని, నాయనా, కోడి నాదే, ఇవ్వనని నాతో అను, అంది.

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళు అవే. గొంతూ అదే, కాస్త బొంగురుగా, వాడు కడుపులో ఉన్నప్పటినుంచీ ఆమెకు తెలిసినట్టుండే గొంతు.

"కోడి నాదే. ఇవ్వను," అన్నాడు, నెమ్మదిగా, చెప్పింది చెప్పినట్టు. ఇంకేమైనా అనమంటుందేమోనని ఆగాడు.

కనక చేతులు కిందికి జారాయి. పుంజుని వదిలేయమంది, వదిలేశాడు. దాని గోళ్ళు గీరిన ముంజేతిని తన చీరకొంగుతో తుడిచి, నడు నాయనా అంది. ఆ మాటలు మళ్ళీ అనమని వాడినెప్పుడూ అడగలేదు.